ఎర్ర క్లిప్పు ఇంటివైపు నడిచింది

జనవరి రెండో వారం, ఉదయం పదకొండు నలభైకి మా ఆర్మీ పోస్టు చేరాను. కింది క్యాంపు నుంచి తాడు పట్టుకుని ఐదు రోజుల నడక. రోజుకు నాలుగు గంటలకు మించి నడవనివ్వరు. ఎత్తు పద్దెనిమిది వేల అడుగులు దాటింది. చుట్టూ మంచు, మంచులోంచి పొడుచుకొచ్చిన ఒక నల్లరాయి, దాని చాటున ఒక ఫైబర్ గుడిసె. నాతో కలిపి ఎనిమిది మందిమి. పోస్టు పేరు రాయను. రాయకూడదు. రాసినా మీకు ఒరిగేదేమీ లేదు.

మాది సత్తుపల్లి దాటాక వేంసూరు వైపు పల్లె. వరి, పామాయిల్ తోటలు, ఎండాకాలం నలభై ఆరు. అప్పటిదాకా నేను చూసిన మంచు అంటే సోడాబండి మీది ఐసుగడ్డే. లోపలికి రాగానే నా బూట్లు విప్పించి, కాళ్ల వేళ్లు పది ఉన్నాయో లేదో సుబేదార్ సాబ్ స్వయంగా చూశాడు. తర్వాత సామాను ఇచ్చారు. సాక్సులు మూడు జతలు. చేతులకు రెండు పొరలు: లోపల ఆకుపచ్చ ఉన్ని గ్లవ్, దాని మీద మందపాటి తొడుగు. తొడుగులో బొటనవేలికి ఒక గది, మిగతా నాలుగింటికీ కలిపి ఒకటే గది.

సుబేదార్ సాబ్ పోస్టు కమాండర్. కొండప్రాంతం మనిషి. హిందీలో తక్కువ మాట్లాడతాడు, ఆ తక్కువను నేను తెలుగులో రాస్తున్నాను. మొదట నాకు చూపించింది తుపాకీ కాదు, గోడ.

గోడ పొడవునా ఈ చివర నుంచి ఆ చివరకు నైలాన్ తాడు బిగించి ఉంది. దాని మీద నల్ల మార్కర్‌తో గీతలు. డిగ్రీకి ఒక గీత, గీతకూ గీతకూ మధ్య రెండు వేళ్ల మందం. నట్టనడుమ తెల్లగుడ్డ ముడి. అది సున్నా. కుడివైపు ప్లస్ యాభై దాకా, ఎడమవైపు మైనస్ యాభై దాకా. తాడుకు బట్టల క్లిప్పులు తగిలించి ఉన్నాయి. ఎవరి ఇంటి దగ్గర ఆ వారం ఎంతుందో అక్కడ వాళ్ల క్లిప్పు. దాదాపు అన్నీ కుడివైపే. సుబేదార్ సాబ్ ఇల్లు మాత్రం సున్నాకు రెండు గీతలు ఎడమన. అందరికీ దూరంగా, ఎడమన ఎక్కడో, ఒక ఎర్ర క్లిప్పు. అది మేమున్న చోటు.

"మైనస్ ముప్పై అనే అంకె చూడటానికి మైనస్ ఇరవై కంటే పెద్దది," అన్నాడు సాబ్. "అంకెను నమ్మకు. తాడు మీద చోటు చూడు. ఎంత ఎడమకు పోతే అంత తక్కువ."

మైనస్ ఇరవై ఐదు దగ్గర నల్లదారం కట్టి ఉంది. దాని కింద ఆర్డరు: ఎర్ర క్లిప్పు దారానికి కుడిన ఉంటే సెంట్రీ, అంటే బయట కాపలా, గంటసేపు. ఎడమన ఉంటే అరగంట.

"థర్మామీటర్ చూడటం ఎవరికి వచ్చు?" అని అడిగాడు. పాతవాడు దిగిపోతున్నాడు, ఆ పని ఖాళీ అయింది. నేను చెయ్యెత్తాను.

గొప్పకు ఎత్తలేదు. నిజంగానే వచ్చు. సైన్యంలో చేరకముందు నాలుగు సీజన్లు పొగాకు బ్యారన్‌లో పనిచేశాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: బ్యారన్ అంటే పొగాకు కాల్చే పెద్ద మట్టిగోడల గది. పచ్చాకు కర్రలకు కట్టి లోపల వేలాడదీసి, కింద గొట్టాల్లో వేడి పంపుతారు. లోపల థర్మామీటర్ వేలాడుతుంటుంది. వేడి తొంభైలతో మొదలై నూట అరవై దాకా పోతుంది, అది ఫారన్‌హీట్ లెక్క. రెండు డిగ్రీలు తేడా వస్తే ఆకు నల్లబడుతుంది, రైతు సంవత్సరం కష్టం బూడిద. నా చేతిలో ఒక్క బ్యారన్ కూడా చెడలేదు. నూట ఇరవైకీ నూట ముప్పైకీ మధ్య ఎర్ర రసం ఉందంటే, కింది నుంచి చిన్న గీతలు లెక్కపెట్టడమే. ఒకటి, రెండు, మూడు: నూట ఇరవై మూడు. కళ్లు మూసుకుని చెప్పేవాడిని.

పోస్టు థర్మామీటర్ గుడిసె బయట ఇనుపకమ్మీకి కట్టి ఉండేది. పది పదికీ అంకె, మధ్యలో చిన్న గీతలు. పొద్దున ఆరుకు, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం ఐదుకు చూసి రిజిస్టర్‌లో రాయాలి. రాశాక ఎర్ర క్లిప్పు జరపాలి. సాబ్ కింద సంతకం పెడతాడు.

బుధవారం శాటిలైట్ ఫోను. మనిషికి నాలుగు నిమిషాలు. మొదటి వారం నా భార్య ఎత్తగానే, "ఈడ చలి సంపుతాంది. పొద్దున పద్నాలుగంట," అంది.

"ఇక్కడ మైనస్ ఇరవై ఎనిమిది."

"పద్నాలుగు కంటే ఇరవై ఎనిమిది పెద్దదే గదా? మీకే నయం."

"మన గుమ్మం సున్నా అనుకో. నువ్వు గుమ్మం నుంచి లోపలికి పద్నాలుగు అడుగులు ఏసినవ్. నేను అదే గుమ్మం నుంచి బయటికి ఇరవై ఎనిమిది అడుగులు ఏసిన."

ఆమె లోపల్లోపల లెక్కపెట్టుకుంటోంది. నిమిషాలు పోతున్నాయని నాకు ఆత్రం.

"అంటే మన నడుమ నలభై రెండు అడుగులు," అంది చివరకు. "గంత దూరం ఎందుకు పోయినవ్?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేలోపు నాలుగు నిమిషాలు అయిపోయాయి. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. తాడు ముందు కూర్చుని నా క్లిప్పుకూ ఎర్ర క్లిప్పుకూ మధ్య గీతలు వేలితో లెక్కపెట్టాను. నలభై రెండే. ఇంటి మీద బెంగ అంటే ఏదో మబ్బులాంటిది అనుకునేవాడిని. అక్కడ అది కొలిస్తే తెలిసేది.

నా వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా క్లిప్పు పక్కనే ఉన్న క్లిప్పును సర్దింది.

"ఇది నాది తమ్మీ. భద్రాచలం అవతల మాది. నీదానికి రెండు గీతలు ఇవతల. అడవిగదా, మాకు జర చలెక్కువ."

ఆపరేటర్. రేడియో అతని పని. నాకంటే మూడేళ్లు పెద్ద, అందుకని అన్నా అనేవాడిని. కోయ కుటుంబం. బుధవారం తల్లితో కోయలో మాట్లాడేవాడు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా దగ్గరే కూర్చుని వినేవాడిని. మా జిల్లా గాలి ఆ నాలుగు నిమిషాలు గుడిసెలో ఉన్నట్టు అనిపించేది. మిగతావాళ్లు మంచివాళ్లే. కానీ తెలుగులో విసుక్కోవడానికి ఆ పోస్టులో నాకు అతనొక్కడే. తునికాకు కోతకు ఇంట్లో మనుషులు చాలరని అతను, కరెంటు బిల్లు ఎక్కువొస్తుందని నేను. రోజుకు ఒక పూట ఇవే మాటలు. అవి లేకపోతే పిచ్చెక్కేది.

ఐదు వారాలు గడిచాయి.

ఫిబ్రవరి మూడో వారంలో ఒక పొద్దున, ఆరు గంటలు. గాలి లేదు. వెలుతురు బూడిద రంగు. థర్మామీటర్ చూశాను. రసం ఇరవైకీ ముప్పైకీ మధ్య ఉంది. చిన్న గీతలు లెక్కపెట్టాను. మైనస్ ఇరవై రెండు. రాశాను. ఎర్ర క్లిప్పు నల్లదారానికి కుడిన పెట్టాను. సెంట్రీ గంట.

ఆ గంట ఆపరేటర్‌ది. అతను బయట ఉన్నంతసేపు రేడియో, సెంట్రీ ఫోను నా దగ్గర. సెంట్రీ నిలబడే చోటుకూ గుడిసెకూ మధ్య తీగ ఫోను. పది నిమిషాలకోసారి సెంట్రీ పలకాలి. పలకాలంటే బటన్ నొక్కాలి. నొక్కాలంటే పై తొడుగు తీయాలి.

ఆరు ఇరవై ఐదు. "సెంట్రీ ఓకే."

ఆరు ముప్పై ఐదుకూ అదే మాట. ఆరు నలభై ఐదు. "సెంట్రీ ఓకే. తమ్మీ, వేళ్లు మాట వింటలేవు. టైం కాలేదా?"

"ఇంకా అరగంట ఉన్నదన్నా. ఆరుంబావుకు గదా ఎక్కినవ్. ఏడుంబావుకు దిగుడు."

"ఇయాల గంటనా? నాకైతే ముప్పై లెక్క కొడతాంది."

"ఇరవై రెండే. నేనే జూసిన. బ్యారన్‌ల నాలుగేండ్లు ఇదే పని."

ఫోనులో ఊపిరి వినిపించింది.

"సరే. నువ్ జూసినవంటే జూసినట్టే."

గుడిసెకు అరచేతంత ప్లాస్టిక్ కిటికీ. అందులోంచి అతని వీపు కనిపించేది. నేను టీ తాగుతున్నాను. ఆ మిగతా అరగంటలో అతను రెండుసార్లు తొడుగు తీశాడు, రెండుసార్లు ఓకే అన్నాడు. చివరిసారి బటన్ నొక్కింది అరచేత్తో.

ఏడుంబావుకు లోపలికి వచ్చాడు. గ్లవ్ తీశాం. కుడిచేతి చివరి రెండు వేళ్లు కొవ్వొత్తి రంగులో ఉన్నాయి. బల్లకు తగిలితే చెక్క చెక్కకు తగిలిన చప్పుడు. అతనికి నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే భయం.

రేడియో నేనే పట్టాను. కింది క్యాంపు నుంచి డాక్టర్: "రుద్దొద్దు. మంట దగ్గర పెట్టొద్దు. గోరువెచ్చటి నీళ్లు. ముప్పై ఎనిమిది డిగ్రీలు. నలభై దాటితే కాలిపోతుంది. ఓవర్."

స్టవ్ మీద మంచు కరిగించి, చిన్న థర్మామీటర్ ముంచి, నలభై నిమిషాల పాటు ఆ నీళ్లను ముప్పై ఎనిమిది దగ్గర నిలబెట్టాను. ఒక్క డిగ్రీ అటూ ఇటూ పోలేదు. సున్నాకు పైన నా లెక్క ఏనాడూ తప్పలేదు. వేళ్లలోకి ప్రాణం తిరిగి వస్తుంటే అతను కోయలో తల్లిని పిలిచాడు. ఆ ఒక్క మాట నాకు అర్థమైంది.

మబ్బు వల్ల హెలికాప్టర్ రాలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడు రాలేదు. ఎగరాలంటే పోస్టు దగ్గర ఎంత చలి ఉందో గంట గంటకూ చెప్పమని క్యాంపు అడిగింది. కాబట్టి గంటకోసారి చూసి, గంటకోసారి ఎర్ర క్లిప్పు జరిపాను. అంతకుముందు రోజుకు మూడుసార్లే జరిపేవాడిని.

ఆపరేటర్ తాడుకు ఎదురుగా పడుకుని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద. చూడటానికి వేరే ఏముంది, ఆ తాడే చూస్తున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం మూడుకు మైనస్ ఇరవై తొమ్మిది రాశాను. నాలుగుకు ఇరవై ఏడు. ఐదుకు ఇరవై నాలుగు. ఆరుకు ఇరవై మూడు. క్లిప్పు జరిపి, వంతు ప్రకారం మా వంటవాడిని గంట సెంట్రీకి పంపాను. పంపి స్టవ్ దగ్గర కూర్చున్నాను.

"తమ్మీ."

"ఏందన్నా?"

"పొద్దు గుంకుతాంటే చలి పెరగాలె గదా?"

"అవ్."

"మరి ఎర్ర క్లిప్పు ఇంటి దిక్కు నడుస్తాందేంది?"

తాడు వైపు చూశాను. మూడు నుంచి ఆరు దాకా, సూర్యుడు రాయి వెనక్కి దిగుతున్నంతసేపు, క్లిప్పు ఆరు గీతలు కుడికి వచ్చింది. సున్నా వైపు. ఇంటి వైపు. నేనే జరిపాను, నా చేత్తోనే.

టార్చ్ తీసుకుని బయటకు పరిగెత్తాను. రసం ముప్పైకి మూడు గీతలు పైన ఉంది. బ్యారన్‌లో లాగే కింది నుంచి లెక్కపెట్టాను: ఒకటి, రెండు, మూడు. ఇరవై మూడు. తర్వాత సున్నాను వెతికాను. సున్నా పైన ఉంది. సున్నా నుంచి కిందికి దిగాను. పది, ఇరవై, అక్కడి నుంచి ఇంకో ఏడు గీతలు. ఇరవై ఏడు.

సున్నాకు కింద లెక్క కిందికి నడుస్తుంది. తాడు ముందు నిలబడి భార్యకు గుమ్మం పాఠం చెప్పినవాడిని. థర్మామీటర్ ముందుకు రాగానే కూలీ రోజుల చెయ్యి దానంతట అదే కింది నుంచి ఎక్కింది. ఐదు వారాలు ఎక్కింది. ముందురోజు పొద్దున ముప్పైకి రెండు గీతలు పైన ఉంటే ఇరవై రెండన్నాను. అది ఇరవై ఎనిమిది. అరగంటకే లోపలికి రావాల్సిన మనిషిని ఇంకో అరగంట నిలబెట్టాను.

వంటవాడిని లోపలికి పిలిచాను. ఆరు పన్నెండు అయింది. ఆపరేటర్ దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"అన్నా, నేను తప్పు జూసిన."

అతను కట్టు కట్టిన చేతిని గుండెల మీద సర్దుకున్నాడు.

"సాబ్‌కు చెప్పు."

"అన్నా..."

"జల్దీ పో. రేపు పొద్దున ఇంకొకడు నిలబడాలె."

అంతే అన్నాడు. తిట్టలేదు. తిడితే నాకు సులువుగా ఉండేది. అది తెలిసే తిట్టలేదేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది, అలా అనుకోవడం కూడా తప్పే.

సుబేదార్ సాబ్ టార్చ్‌తో వెళ్లి తన కళ్లతో చూసి వచ్చాడు. రిజిస్టర్ తెరిచాడు. పేజీలు వెనక్కి తిప్పాడు. కొడతాడనుకున్నాను.

"ఇవన్నీ నా సంతకాలు," అన్నాడు. "నీ చెయ్యెత్తడం చూశాను. నువ్వెలా లెక్కపెడుతున్నావో చూడలేదు."

ఎర్ర పెన్ను ఇచ్చాడు. ఐదు వారాల రీడింగులూ మళ్లీ రాయమన్నాడు. రాశాను. పదకొండు పొద్దుల్లో మనుషులు గంట నిలబడ్డారు, అరగంట నిలబడాల్సింది. పదిమార్లు దేవుడు చూసుకున్నాడు. రేపటి నుంచి థర్మామీటర్ వేరేవాళ్లకు ఇవ్వమని సాబ్‌ను అడిగాను. ఇవ్వనన్నాడు. "నువ్వే చూస్తావు. పక్కన ఇంకొకడు చూస్తాడు. ఇక తప్పు చూడవు." ఆ పోస్టులో ఉన్నన్నాళ్లూ నాకు పడిన శిక్ష అదొక్కటే. రోజుకు మూడుసార్లు అనుభవించాను.

నాలుగో రోజు తొమ్మిది ఇరవైకి హెలికాప్టర్ వచ్చింది. రెండు నిమిషాలకు మించి ఆగదు. ఆపరేటర్‌ను నేను, వంటవాడు చెరోవైపు పట్టుకుని తీసుకెళ్లాం. ఎక్కిస్తుంటే చెవిలో అరిచాడు: "నా క్లిప్పు తియ్యకు! బుధవారం అమ్మకు ఫోన్ జేసి ఎంతుందో కనుక్కొని జరుపుతుండు!"

చేశాను. ఏప్రిల్ దాకా ప్రతి బుధవారం నా నాలుగు నిమిషాల తర్వాత అతని నాలుగు నిమిషాలు. ఆమెకు వచ్చిన కాస్త తెలుగులో, "ఎండ ఎక్కువ బిడ్డా," అనేది. ఆమె కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడని అప్పటికి ఆమెకు తెలుసు, ఎందుకున్నాడో తెలియదు. నేను చెప్పలేదు. ఫోను పెట్టేసి క్లిప్పు జరిపేవాడిని. ముప్పై నాలుగు. ముప్పై ఎనిమిది. నలభై ఒకటి. ఎర్ర క్లిప్పు మాత్రం మైనస్ పదిహేను దాటి ఇటు రాలేదు.

రెండు వేళ్లు తీసేశారని రేడియోలో విన్నాను.

ఏప్రిల్ చివర దిగాను. ఖమ్మంలో రైలు దిగేసరికి నలభై రెండు. బస్సు కిటికీ చువ్వ ముట్టుకుంటే కాలింది. చెయ్యి తీయలేదు. ఇంటి గుమ్మం ముందు ఆగిపోయాను. నా భార్య లోపలి నుంచి, "సున్నా దగ్గరనే నిలబడ్డవేంది, లోపలికి రా," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మూడు నెలలూ ఎన్ని డిగ్రీలని ఊరంతా అడిగారు. చెప్పాను. ఆపరేటర్ గురించి చెప్పలేదు.

తర్వాత వేరే పోస్టింగులు, వేరే వాతావరణాలు. సర్వీసు ముగిసింది. ఇప్పుడు సత్తుపల్లిలో ఒక గోడౌన్ దగ్గర సెక్యూరిటీ. ఆపరేటర్ నాకంటే ముందే ఇంటికి చేరాడని తెలుసు. కొత్తగూడెం మీదుగా గోదావరి దాటి భద్రాచలం, అక్కడి నుంచి ఆటో: పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే దూరం. ఆరేళ్లు పోలేదు. సెలవు దొరకలేదని చెప్పుకున్నాను. భయం. నేరుగా రాస్తున్నాను, భయం.

మొన్న జనవరిలో వెళ్లాను. చెప్పకుండా వెళ్లాను. అడవి అంచున నాలుగిళ్లు, చివరిది అతనిది. నన్ను చూసి లేచి, "ఇప్పుడా వచ్చేది?" అని ఒక్కటే మాట. ఆ సాయంత్రం వేళ్ల ఊసు నేనెత్తలేదు, అతనూ ఎత్తలేదు. వాళ్లమ్మ నాకు అన్నం పెట్టి, నా గొంతు ఫోనులో గొంతేనని గుర్తుపట్టి, ఇంకో గరిటె వేసింది.

పొద్దున ఆరున్నరకు బయటికి వచ్చాను. అతను అప్పటికే వాకిట్లో పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. నాకు చలి తెలియడం లేదు, చొక్కాతోనే ఉన్నాను. అతని కుడిచేతికి మాత్రం ఆకుపచ్చ ఉన్ని గ్లవ్ ఉంది. ఆర్మీది. రెండు వేళ్లు ఖాళీగా వాలి ఉన్నాయి.

"చలికాలం గిట్లనే తమ్మీ. ఇరవై లోపల పడ్డదంటే లాగుతది. లేని వేళ్లు కూడ లాగుతయ్."

గుంజకు ఒక థర్మామీటర్ కట్టి ఉంది, భద్రాచలం బజారులో దొరికే రకం. నేను దాన్ని చూడటం అతను చూశాడు.

"ఎంతున్నదో చెప్పు."

వెళ్లి నిలబడ్డాను. సున్నా ఎక్కడుందో ముందు వెతికాను. సున్నా కింద ఉంది. పది దాటాను. పది నుంచి పైకి ఆరు గీతలు. ఇరవై నుంచి కిందికి నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. ఇంకోసారి లెక్కపెట్టాను.

"పదహారు," అన్నాను. "ప్లస్."

అతను తల తిప్పలేదు. పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, వీపు నావైపే ఉంచి అన్నాడు:

"నువ్ జూసినవంటే జూసినట్టే."

నాకు ఆ వాకిలి కనిపించలేదు. అరచేతంత ప్లాస్టిక్ కిటికీ, బూడిద రంగు వెలుతురు, అందులో ఆ వీపు. ఇంకా అరగంట ఉందని నేను చెప్పాక ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అలాగే నిలబడి ఉన్నాడు. ఇప్పటికీ రోజూ పొద్దున ఆరుంబావుకు నాకు మెలకువ వస్తుంది, అతను అలాగే నిలబడి ఉంటాడు.